జవాబు గంట కొట్టిన మధ్యాహ్నం

మీకు ఇప్పుడు మందు చుక్కలను లెక్కకట్టే యంత్రాలున్నాయి. మా కాలంలో సెలైన్ గొట్టానికి ఉన్న చిన్న చక్రాన్ని బొటనవేలితో తిప్పి, చేతి గడియారం చూసుకుంటూ చుక్కల జోరును మేమే సరిచేసుకునేవాళ్లం. అలా నిలబడి చుక్కలను చూస్తూ నేను ఎన్ని పగటి కలలు కన్నానో. డ్యూటీలో కలలు కన్నానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. కళ్లు తెరిచే కన్నాను, చుక్క తప్పకుండానే కన్నాను. నర్సింగు చదివే పిల్లలు వచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏదమ్మా అని అడిగితే నాకు ముందుగా కళ్లముందు ఆడేది తేనె రంగు మందు ఒకటి. దాని సంగతే ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు నేను మరాఠీ వైపు బొగ్గు గనుల ఊరైన చంద్రపూర్‌లో, తుకుం పేట దాటాక ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రోజూ రాస్తున్న ఏళ్లవి. ఆ తెరిచిన తలుపుల్లోంచి మా ఊళ్లోకి ఏం వచ్చాయంటే, మేడ మీద నుంచి మేడ మీదకు కేబుల్ వైర్లు వచ్చాయి, చౌరస్తాకొక ఎస్టీడీ బూత్ వచ్చింది, కిరాణా కొట్లలో సీమ సబ్బులు వచ్చాయి. బొగ్గు పొడి మాత్రం ఎప్పటిలాగే ఉంది. పొద్దున పరిచిన తెల్ల దుప్పటి సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగేది. అన్నింటితో పాటు మా వార్డులోకి ఒక కొత్త మందు కూడా వచ్చింది.

దాన్ని తెచ్చింది నరాల డాక్టరు. ఆయన నాగపూర్‌లో ఉంటూ వారానికొకసారి మా దగ్గరకు వచ్చి చూసి వెళ్లేవాడు. మేమంతా ఆయన్ని నాగపూర్ డాక్టరు అనేవాళ్లం. మొదటిసారి ఆ మందు తెచ్చిన రోజున ఆంపూల్‌ను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకొని మా అందరికీ చూపించాడు. లోపల మందు పుట్టతేనె రంగులో ఉంది. పందుల మెదడులోని మాంసకృత్తులను సన్నగా విడగొట్టి చేస్తారట. తలకు దెబ్బ తగిలినప్పుడు చావకుండా మిగిలిన నరాల కణాలను బతికించి, అవి మళ్లీ కొమ్మలు వేసేలా చూస్తుందట. చెట్టుకు ఎరువు ఎలాగో మెదడుకు ఇది అలాగ అన్నాడు. అంతే, మా వార్డులో దానికి ఎరువు మందు అన్న పేరు స్థిరపడిపోయింది. పనిచేస్తుందా సార్ అని మేట్రన్ అడిగింది. చేస్తుందని ప్రమాణం చేయలేను సిస్టర్, చేస్తే బాగుండునని మాత్రం చాలా ఉంది అన్నాడాయన. డాక్టర్ల నోట అంత నిజాయితీ మాట నేను తక్కువగా విన్నాను.

మా మేట్రన్ గురించి ఒక మాట చెప్పాలి. మరాఠీ మనిషి, పొడగరి, ఆమె ఎదుట దుప్పటి కూడా ముడత పడటానికి భయపడేది. ఆమె నన్ను ‘స్వప్నసుందరి’ అని పిలిచేది, మెచ్చుకోలుగా కాదు. ఆమె తిట్లు తిన్నవాళ్లంతా మంచి నర్సులయ్యారు, తిట్లు పడనివాళ్లు పెళ్లిళ్లు చేసుకొని వెళ్లిపోయారు. నేను రెండూ అయ్యాను.

ఎరువు మందు మొదట ఎక్కించింది ఒక గని కార్మికుడికి. రాజురా అవతలి పల్లెలో వాళ్లది పాతకాలం నుంచి స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. అన్న పొలం చూసుకుంటే తమ్ముడైన ఇతను గనిలో పనికి కుదిరాడు. ఒక రోజు షిఫ్టు దిగే వేళ గని అడుగున పైకప్పు రాలింది. అక్కడున్నవాళ్లంతా బయటపడ్డారు. ఇతని తల మీద మాత్రం రాయి పడింది. నాగపూర్‌లో ఆపరేషన్ చేసి, ఇక చేయగలిగింది కాచుకోవడమే అని చెప్పి మా దగ్గరకు పంపారు. వచ్చినప్పుడు ముక్కులో గొట్టం, తలకు కట్టు, కళ్లు తెరిచే ఉన్నాయి. ఆ కళ్లు దేన్నీ చూసేవి కావు. ముఖం ముందు చేయి ఆడిస్తే రెప్ప పడేది, అంతే.

అతని భార్యకు ముప్పై ఏళ్లుండవు. పిల్లను తోడికోడలి దగ్గర వదిలి వచ్చింది. నేను తెలుగు మాట్లాడతానని తెలిసిన క్షణం నుంచి నాకు అక్క వరస కలిపేసింది. నాది ఆసిఫాబాద్ వైపు కాబట్టి మా ఇద్దరి మాట కూడా ఇంచుమించు ఒకటే. ఆమె ఒక్కతే అతనితో మాట్లాడుతూ ఉండేది. పత్తి చేను ఎట్లా ఉందో, అన్నకు ఎడ్లు ఎక్కడ దొరికాయో, పిల్ల ఏ మాట నేర్చిందో చెబుతూ ఒళ్లు తుడిచేది, కాళ్లు వత్తేది. అతను వింటున్నాడో లేదో మాకెవరికీ తెలియదు. ఒకరోజు గిన్నె కడుగుతూ నాతో అంది.

"అక్కా, నడువకున్నా సరే. పనికి పోకున్నా సరే. నేనెవలో గీయినకు ఎర్కయితె చాలు. గంతకంటె ఎక్కువ దేవుణ్ని అడుగుత లేను."

ఆ మాట తర్వాత నాకు ఆ కేసు కేసులాగా మిగల్లేదు. ప్రతి రోగి మీద అంత మనసు పెట్టుకోకూడదని మీకు చెబుతారు. నాకూ చెప్పారు.

మందు పొద్దున పూట ఎక్కించేవాళ్లం. సెలైన్‌లో కలిపాక పలచటి టీ రంగుకు దిగేది. అతని మంచం తూర్పు కిటికీ పక్కన ఉండేది. ఎండ సీసాలోంచి దిగి అతని దుప్పటి మీద చిన్న పసుపు మడుగులా పడేది. చుక్క కదిలినప్పుడల్లా ఆ మడుగు కూడా కొద్దిగా కదిలేది. వార్డంతా నిశ్శబ్దం. దూరంగా ఎక్కడో బొగ్గు వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు. ఆ వేళలో నాకు మెదడు అంటే చీకట్లో ఉన్న పెద్ద తోటలాగా కనిపించేది. కొమ్మలు విరిగిపోయి, దారులు మూసుకుపోయి, ఎవరో లోపల తిరుగుతూ బయటి గేటు కోసం తడుముకుంటున్నట్టు అనిపించేది. చుక్క చుక్కకూ ఎక్కడో ఒక చిగురు వేస్తుందని నమ్మాలని ఉండేది. మేట్రన్ వచ్చి స్వప్నసుందరీ, ఆ మూడో మంచం బెడ్‌పాన్ ఎవరు తీస్తారు అనే దాకా అలాగే నిలబడేదాన్ని.

ఈ మందు దేనితో చేస్తారక్కా అని భార్య ఒకసారి అడిగింది. దాచడం ఎందుకని చెప్పాను. సీసా వైపు చూసింది. తర్వాత, పాపం పంది, తన తలకాయ ఇచ్చి మా ఆయన తలకాయ నిలబెడుతుంది అంది. ఆ రోజు నుంచి సీసా తగిలించినప్పుడల్లా దానికి ఒక దండం పెట్టేది. మేట్రన్ చూసి, పక్క మంచం వైపు నడిచింది.

కొద్ది వారాలకు మార్పు కనిపించింది. చెంచాతో నీళ్లు పోస్తే మింగాడు. ముక్కు గొట్టం తీసేశాం. దుప్పటి మీది పసుపు మడుగును కళ్లతో వెతుకుతున్నట్టు అనిపించింది నాకు. అది నీకే అనిపిస్తుంది అంది మేట్రన్. కానీ నాగపూర్ డాక్టరు వచ్చినప్పుడు వేలు ఆడిస్తే అతని చూపు వేలు వెంట కొంచెం దూరం నడిచింది. భార్య కొంగు నోట్లో కుక్కుకొని బయటికి వెళ్లిపోయింది. ఏడ్చే మనిషిని వెంబడించకూడదని నేను లోపలే ఉన్నాను.

అప్పుడు మొదలైంది చేయి.

ఒక మధ్యాహ్నం అతని కుడి చేయి మణికట్టు దగ్గర నుంచి ఎగిరి మంచం ఇనుప కమ్మీకి తగిలింది. టక్, టక్, టక్. ఆగింది. కళ్లు నుదుటి వైపు పైకి తిరిగిపోయి, రెప్ప లేకుండా నిలిచిపోయాయి. ఊపిరి బిగపట్టాడు. కాసేపటికి చేయి మళ్లీ ఎగిరింది. మళ్లీ కళ్లు పైకి. రోజు గడిచేకొద్దీ అది ఎక్కువైంది. డ్యూటీ డాక్టరు చూసి ఫిట్స్ అన్నాడు. మేట్రన్ చూసి ఫిట్స్ అంది. నేనూ చూసి అదే అనుకున్నాను. చేయి ఒకే తీరుగా ఎగరడం, కళ్లు పైకి తిరగడం, పిలిస్తే పలక్కపోవడం, ఏ పుస్తకం తెరిచినా దానికి అదే పేరు ఉంటుంది. పైగా ఎరువు మందు పెట్టెలోని కాగితంలోనే, ఫిట్స్ ఉన్నవాళ్లకు ఇవ్వరాదని రాసి ఉంది.

నాగపూర్‌కు ఫోన్ చేశారు. మందు వెంటనే ఆపమన్నాడు డాక్టరు. ఫిట్స్ మాత్రలు పెంచమన్నాడు. వచ్చే వారం తానే వచ్చి చూస్తానని, ఫిట్సే అని తేలితే ఈ మందు ఇక అతనికి ఇవ్వడం కుదరదని, ఇంటికి పంపించి ఇంటి దగ్గరే చూసుకోమని చెప్పాల్సి వస్తుందని అన్నాడు. చేయి తగిలి తోలు లేచిపోతోందని మేట్రన్ మెత్తటి పట్టీతో మణికట్టును కమ్మీకి కట్టించింది. కట్టింది నేనే, వదులుగానే కట్టాను. కట్టాక అతను గొంతులోంచి ఒక మూలుగు తీశాడు. అన్నాళ్లలో అతని నుంచి మేం విన్న మొదటి శబ్దం అదే. అది విని సంతోషించాలో బాధపడాలో తెలియక ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మాత్రలు పెరిగాక అతను మళ్లీ మత్తులోకి జారిపోయాడు. మింగడం తగ్గింది, వేలు వెంట చూపు నడవడం ఆగిపోయింది. మెలకువ వచ్చినప్పుడు కట్టిన చేయే ముందు కదిలేది. సీసా తగిలించే కొక్కెం ఖాళీగా ఉంది. భార్య ఆ కొక్కెం వైపు చూస్తూ కూర్చునేది. ఆమె మాటలు కూడా తగ్గిపోయాయి.

"మందు ఆపినంక మళ్ల ఎన్కకు పోతుండక్కా," అందొకసారి. "నాకు కండ్లకు కనవడుతుంది. ఒక్కో మెట్టు దిగుతుండు."

డాక్టరు వస్తాడు కదా, చూద్దాం అన్నాను. చూద్దాం అనే మాట ఆసుపత్రిలో మేం ఎంత ఉదారంగా పంచుతామో మీరూ నేర్చుకుంటారు.

డాక్టరు వచ్చే రోజు పొద్దున నుంచి ఒకటే వాన. నాగపూర్ దారిలో వాగు పొంగిందని, ఆయన బండి ఆలస్యమవుతుందని కబురు వచ్చింది. ఎటు చూసినా బూడిద రంగు వెలుతురు. మధ్యాహ్నమే దీపాలు వేశాం. వార్డు ఆ చివర పైకప్పు కారడం మొదలుపెట్టింది. చుక్కలు సరిగ్గా ఒక ముసలాయన పాదాల మీద పడుతున్నాయి. తుంటి ఎముక విరిగి వచ్చినవాడు. ఏదో గనిలో పనిచేసి రిటైరైనవాడని మాత్రం తెలుసు, ఏం పని అని మాలో ఎవరూ అడగలేదు. మా చంద్రపూర్‌లో వార్డు నిండా గని మనుషులే, ఎవరిని ఏమని అడుగుతాం? ఆయాలూ నేనూ కలిసి ఆయన మంచాన్ని ఈడ్చుకొచ్చి తలకు కట్టున్న మన మనిషి మంచం పక్కన పెట్టాం. నొప్పి మందుకు ముసలాయన నిద్రపోతూనే ఉన్నాడు. మంచం అటు నుంచి ఇటు వచ్చిందన్న సంగతి కూడా ఆయనకు తెలియదు. చేతికి రాగి కడియం, ఆ చేయి మంచం కమ్మీ మీద పడి ఉంది.

భార్య మొగుడి ఒళ్లు తుడుస్తానని, ఒక్క క్షణం పట్టీ విప్పమని అడిగింది. విప్పాను. ఆమె చేయి తుడవడం అయిందో లేదో, చేయి లేచింది. టక్, టక్, టక్. కళ్లు పైకి తిరిగాయి. ఊపిరి బిగిసింది. నేను పట్టీ కోసం వంగాను.

అప్పుడు పక్క మంచం నుంచి, కడియం ఇనుప కమ్మీకి తగిలి, టంగ్, టంగ్, టంగ్ అని మోగింది.

ముసలాయన కళ్లు మూసే ఉన్నాడు. నోరు కొంచెం తెరుచుకొని ఉంది, గురక కూడా ఆగలేదు. చేయి ఒక్కటే కొట్టి మళ్లీ కమ్మీ మీద పడిపోయింది. ఇటు చూస్తే మన మనిషి బిగపట్టిన ఊపిరిని వదిలాడు. పైకి తిరిగిన కళ్లు కిందికి దిగాయి. మనుషులు నడిచి వస్తుంటే దారి ఇచ్చినట్టు తల కొంచెం పక్కకు తిప్పాడు. కాసేపు ఊరుకున్నాడు. తర్వాత ఒక్క దెబ్బ, టక్. పక్క నుంచి ఒక్క దెబ్బ, టంగ్. చేయి నెమ్మదిగా దుప్పటి మీద వాలింది. ఫిట్స్ వచ్చిన చేయి అలా వాలదు. భార్యా నేనూ ఒకరినొకరం చూసుకున్నాం.

ఆ సమయానికే మేట్రన్ వచ్చి, చేయి ఎవరు విప్పమన్నారని అడిగింది. ఒక్క నిమిషం ఆగండి మేడం అన్నాను. ఆమెతో ఆ మాట అన్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరనుకుంటాను. ఆమె ఆగింది. చేయి మళ్లీ లేచింది, మూడు దెబ్బలు. గురక మధ్యలో కడియం మూడు దెబ్బలు. మేట్రన్ ముసలాయన భుజం పట్టి కుదిపి లేపింది. ఏం కొట్టావని అడిగితే, ఆయన మొహం చిట్లించుకున్నాడు. ఏమీ కొట్టలేదన్నాడు. పడుకున్నవాణ్ని లేపి గిదేం పంచాయితీ అని మా మీదే విసుక్కున్నాడు. అంతలో పక్కన మళ్లీ టక్, టక్, టక్. ముసలాయన మాట మధ్యలో ఆగిపోయింది. తల తిప్పి కట్టుతో ఉన్న ఆ తలను, పైకి చూస్తున్న ఆ కళ్లను చాలాసేపు చూశాడు.

ఏ పని చేసేవాడు ఇతను అని భార్యను అడిగాడు. బాయి అడుగున డోలీ కాడ గంట కొడతడు అందామె. గని మనుషులు గనిని బాయి అంటారు. మనుషులను దించి పైకి తెచ్చే ఇనుప బోనును డోలీ అంటారు.

"ఇది మనుషులెక్కే గంట," అన్నాడు ముసలాయన. "కింద మూడు కొడితె, మనుషులెక్కుతుండ్రని. పైనోళ్లు మళ్ల మూడు కొట్టాలె. ఆ జవాబ్ రాకుంటె ఒక్కన్ని గూడ ఎక్కియ్యద్దు. అందరెక్కినంక ఒక్కటి కొడితె డోలీ లేస్తది. నేను పైన జవాబ్ కొట్టేటోన్ని. ముప్పై ఏండ్లు గదే పని." తర్వాత మా ముగ్గురినీ చూశాడు. "గిన్ని దినాలసంది ఈ పోరనికి ఎవ్వలు జవాబియ్యలేదా?"

అతను పైకి చూస్తున్నది మూర్ఛతో కాదు. బావి లోపల నిలబడి, పైన వెలుతురు ఉన్న చోటు వైపు, జవాబు కోసం చూస్తున్నాడు. రాయి పడిన రోజు అతను మనుషులను పైకి పంపుతూ ఉన్నాడు. అతనికి ఆ షిఫ్టు ఇంకా అయిపోలేదు.

వాగు తగ్గి డాక్టరు వచ్చేసరికి పగటి మూడో జామైంది. మేట్రన్ ఆయన్ని గొడుగు కూడా ముడవనివ్వకుండా లోపలికి తీసుకొచ్చింది. జరిగింది ఆమే చెప్పింది, నాకన్నా బాగా చెప్పింది. ఆయన నవ్వలేదు, కొట్టిపారేయలేదు. ఈసారి జవాబుగా తప్పు గంట కొట్టమని ముసలాయనను అడిగాడు. అది కుదరదని, తప్పు గంట కొడితే మనుషులు చస్తారని ముసలాయన మొండికేశాడు. ఇక్కడ డోలీ లేదు బాబా, ఒక్కసారి కొట్టు అని బతిమాలితే, ముఖం పక్కకు తిప్పుకొని మూడుకు రెండు కొట్టాడు. మన మనిషి కనుబొమలు ముడిపడ్డాయి. ఊపిరి వదల్లేదు. మరింత గట్టిగా, ఒక్కోటీ విడదీసి, మూడు కొట్టాడు. డాక్టరు స్టూలు లాక్కొని కూలబడ్డాడు. ఫిట్స్‌కు కోపం రాదు సిస్టర్ అన్నాడు మేట్రన్‌తో.

అక్కడి నుంచి చీకటి పడేదాకా జరిగింది చెప్పడానికి నాకు భాష సరిపోదు. ముసలాయన దిండుకు ఆనుకొని కూర్చొని, నొప్పిని పళ్ల బిగువున ఓర్చుకుంటూ జవాబు కొడుతూ పోయాడు. కింద నుంచి మూడు, పైన నుంచి మూడు. మనుషులు ఎక్కేంత విరామం. ఒకటి, ఒకటి. డోలీ పైకి వెళ్లేంత విరామం. మళ్లీ మూడు. ఎన్ని డోలీలు వెళ్లాయో ఎవరూ లెక్కపెట్టలేదు. బయట వాన, లోపల మసక వెలుతురు, కమ్మీల మీద ఆ చప్పుడు. వార్డులో నడవగలిగిన రోగులంతా వచ్చి గోడ వెంబడి నిలబడ్డారు. గని మనుషులు ప్రతి మూడు దెబ్బలకూ తలలు వంచుతున్నారు. డోలీలో నిలబడితే అలా వంచాలట. నాకైతే ఆ గది నిండా మసి మొహాల మనుషులు ఒక్కొక్కరే పైకి వచ్చి, తడి కాళ్లతో మా పక్క నుంచి ఇంటికి వెళ్లిపోతున్నట్టు అనిపించింది. మేట్రన్ కూడా గోడకు ఆనుకొని నిలబడింది. ఆమె గోడకు ఆనుకోవడం అదొక్కసారే చూశాను.

చీకటి పడబోతుండగా దెబ్బల మధ్య ఎడం పెరిగింది. ఒకసారి మూడు కొట్టి, జవాబు అందుకొని, ఆ ఒకటి కొట్టకుండా ఆగిపోయాడు. తల అటూ ఇటూ తిప్పాడు. ఇంకెవరైనా ఉన్నారా అని వెతుకుతున్నాడని మాకందరికీ అర్థమైంది. ముసలాయన మంచం మీద నుంచి వీలైనంత ముందుకు వంగాడు.

"అందరు పైకొచ్చిండ్రు బిడ్డా. బాయిల ఎవ్వలు లేరు. ఇది ఆఖరి డోలీ, నువ్వు గూడ ఎక్కు."

చాలాసేపటికి కమ్మీ మీద ఒక్క దెబ్బ పడింది. ముసలాయన ఒక్కటి జవాబిచ్చాడు. అతను కళ్లు మూసుకున్నాడు, రెప్పలు వాటంతటవే మూతపడ్డాయి. తెల్లారేదాకా చేయి కదల్లేదు.

ఫిట్స్ మాత్రలు తగ్గించారు. ఎరువు మందు మళ్లీ మొదలుపెట్టారు. పట్టీని నేను చెత్తబుట్టలో వేశాను. ఆ రోజు నుంచి మేట్రన్ కొత్త నియమం పెట్టింది. ఏ రోగి చేయి అయినా కట్టేముందు తాను స్టూలు వేసుకొని పక్కన కూర్చుని చూడాల్సిందేనని. రిటైరయ్యే దాకా ఆమె అలాగే చేసింది.

మీరు అడగబోయేది నాకు తెలుసు. అతన్ని లేపింది మందా, గంటా? భార్యను అడిగితే పందికి దండం పెట్టేది. ముసలాయనను అడిగితే కడియం చూపించేవాడు. డాక్టరును అడిగితే, వయసులో ఉన్నవాడి మెదడు తనంతట తానూ కోలుకుంటుంది, దానికి మనం తలా ఒక పేరు పెట్టుకుంటున్నాం అనేవాడు. ఆ తర్వాత ఆ తేనె రంగు మందు చాలామందికి ఎక్కించాను. లారీ గుద్దిన ఒక బడిపంతులుకు మొత్తం కోర్సు ఇచ్చాం, ఆయన కళ్లు తెరవకుండానే పోయాడు. మతిమరుపు జబ్బుతో ఇంట్లోవాళ్లను మరిచిపోయిన ఒక పెద్దావిడకు కొడుకులు ఎంతో ఆశతో పెట్టించారు. వారం రోజులు కొంచెం తేటగా ఉన్నట్టు అనిపించింది, తర్వాత మామూలే. ఇప్పటికీ దాని గురించి డాక్టర్లు రెండు రకాలుగా మాట్లాడతారు. నా మట్టుకు నాకు మందు మీద కోపం లేదు, భక్తీ లేదు. సీసా తగిలించి పక్కన నిలబడటానికి అది నాకొక కారణం ఇచ్చింది. నిలబడినందువల్ల కొన్ని చూశాను. అంతవరకు గట్టిగా చెప్పగలను.

మందు మళ్లీ మొదలైన కొన్నాళ్లకు, వాన వెలిసిన ఒక పొద్దున. నేను చుక్క సరిచేస్తున్నాను. భార్య అతని గడ్డం తుడుస్తోంది. అతని చూపు నెమ్మదిగా ఆమె చేతి మీదికి వచ్చింది, చేతి గాజుల మీదుగా మోచేయి దాకా, అక్కడి నుంచి మెడకు, మొహానికి ఎక్కింది. అక్కడ ఆగింది. ఆమె తుడవడం ఆపేసింది. అతని గొంతులో ఏదో గరగర. నాలుగైదు సార్లు పెదవులు కదిపాక మాట వచ్చింది. అరిగిపోయిన గొంతు, కానీ మాటే.

"పిల్లనెవల కాడ ఇడిసినవ్?"

ఆమె అక్క కాడ అని తోడికోడలి సంగతి చెప్పబోయి, సగంలో కొంగుతో మొహం తుడుచుకుంది. అతను ఆమెను ఇంకా అలాగే చూస్తున్నాడు. ఆమె జుట్టు రేగిపోయి ఉంది, కళ్ల కింద నలుపు. ఎన్ని వారాలుగా ఆ మంచం కింద చాప మీద పడుకుందో, ఆమె చీరకు కూడా మా ఊరి బొగ్గు పొడి పట్టి ఉంది.

"నువ్వెప్పుడొచ్చినవ్ పైకి?" అని అడిగాడు.

ఆమె జన్మలో గనిలోకి దిగలేదు. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

"ఇప్పుడే," అంది. "నీ ఎన్కాలనే వచ్చిన."